కులపురాణం చెప్పేవాడు ఎక్కడ కూర్చుంటాడు?

సభకు నమస్కారం. పెద్దలకూ, మిత్రులకూ, వెనక గోడ వెంట నిలబడి ఉన్న విద్యార్థులకూ నమస్కారం. ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ విషయం మీరు వినాలనే నా కోరిక.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం కులం, పురాణం, అస్తిత్వం. ఇది ఒక పూటలో తేలే అంశం కాదు. దేశమంతటి సంగతి ఎత్తుకుంటే ఎక్కడికో వెళ్లిపోతాం. అందుకే నేను తెలుగు నేల మీదే నిలబడి మాట్లాడతాను. మన ఊళ్లలో చెప్పుకునే పురాణాలు, వాటిని చెప్పేవాళ్లు, వినేవాళ్లు, ఈ ముగ్గురి మధ్య ఉన్న దూరం గురించి మాట్లాడతాను.

మనందరికీ తెలిసిన కథతో మొదలుపెడతాను. ప్రతి ఏటా భాద్రపద శుద్ధ చవితి నాడు మన ఇళ్లలో పూజ అయ్యాక చేతిలో అక్షింతలు పట్టుకుని శమంతకమణి కథ వింటాం. వినకుండా చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయని పెద్దవాళ్లు చెబుతారు. ఆ కథలో సత్రాజిత్తు మణి పోతుంది, నింద కృష్ణుడి మీద పడుతుంది, ఆయన వెతుక్కుంటూ అడవిలో ఒక గుహకు చేరతాడు. గుహలో ఊయల మీద మణి వేలాడుతూ ఉంటుంది. ఆ గుహ జాంబవంతుడిది. భాగవతం ప్రకారం ఇద్దరూ 28 రోజులు పోరాడతారు. చివరికి జాంబవంతుడు ఎదుట ఉన్నది ఎవరో గుర్తించి, మణితో పాటు తన కూతురు జాంబవతిని కూడా ఇచ్చి పంపిస్తాడు. కథ అయిపోతుంది, అక్షింతలు తల మీద వేసుకుంటాం, ఉండ్రాళ్లు తింటాం.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఆ జాంబవంతుడు ఎవరు? మన వ్రతకథలో ఆయన ఒక ఎలుగుబంటి. రామాయణంలోనూ అంతే, సముద్రపుటొడ్డున హనుమంతుడికి అతని బలం గుర్తుచేసిన ముసలి భల్లూకం. కానీ అదే ఊళ్లో, అదే చవితి రోజున, ఊరి చివరి వాడలో ఆయనకు వేరే పేరుంది. అక్కడ ఆయన జాంబవ తాత. నేల పుట్టడానికి ఆరు నెలల ముందు పుట్టినవాడు. నీరు తప్ప మరేమీ లేనప్పుడు ఉన్నవాడు. ఆదిశక్తి పుట్టుకను చూసినవాడు, త్రిమూర్తుల కంటే పెద్దవాడు. మాదిగల కులపురుషుడు. ఒకే పేరు, ఒకే ఊరు. పెద్దవీధిలో ఎలుగుబంటి, వాడలో సృష్టికంతటికీ తాత. మనం ఏటేటా కథ వింటున్నాం కదా, మరి ఈ రెండో కథ మనలో ఎంతమంది చెవిన పడింది?

అరుంధతి సంగతీ అంతే. తెలుగు పెళ్లిళ్లలో కొత్త దంపతులను బయటికి తీసుకొచ్చి అరుంధతీ నక్షత్రం చూపిస్తారు. పట్టపగలు ముహూర్తమైనా సరే, ఆకాశంలోకి వేలు చూపించి కనిపించిందా అని అడుగుతారు, కనిపించిందని వాళ్లూ అంటారు. ఆ అరుంధతి తమ ఆడబిడ్డ అని మాదిగలు చెప్పుకుంటారు. వసిష్ఠుడికి తామిచ్చిన పిల్ల అని చెప్పుకుంటారు. అంటే, వాళ్ల లెక్కలో, ఇటు కృష్ణుడూ అల్లుడే, అటు వసిష్ఠుడూ అల్లుడే. పెళ్లిపందిట్లో ఆకాశం వైపు వేలు చూపించిన చోట, ఆ పిల్ల పుట్టింటివాళ్లు ఎక్కడ నిలబడ్డారు? డప్పు కొట్టడానికి వచ్చారు. పందిరి బయట నిలబడ్డారు. వడ్డన అయ్యాక విస్తరి అందుకున్నారు. ఇది ఎప్పటిదో పాత సంగతి అనుకోకండి. ఈ హాల్లో నెరిసిన తలలు చాలా కనిపిస్తున్నాయి, చూసినవాళ్లు ఉన్నారు, అనుభవించినవాళ్లూ ఉన్నారు.

ఇలాంటి కథల్ని కులపురాణాలు అంటారు. ఒక్క మాదిగలకే కాదు, మన నేల మీద చాలా కులాలకు సొంత పురాణం ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం ఉంది. ఇది సంస్కృత మార్కండేయ పురాణం కాదు, వేరు. మార్కండేయుడి కొడుకు భావనాఋషి తామర తూడుల నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేశాడని, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడని, కాలవాసురుడనే రాక్షసుణ్ణి చంపాడని ఆ కథ చెబుతుంది. చాకలివారికి మడేలు పురాణం, మంగలివారికి అద్దం పురాణం, గౌడులకు గౌడ పురాణం, గొల్లలకు కాటమరాజు కథలు ఉన్నాయి. విశ్వకర్మలు తమను విశ్వకర్మ అయిదు ముఖాల నుంచి వచ్చిన మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుల సంతతిగా చెప్పుకుంటారు. వాళ్ల విషయంలో పురాణం కచేరీ మెట్లు కూడా ఎక్కింది. తమ ఇళ్లలో వైదిక కర్మలు తామే చేసుకునే హక్కు గురించి చిత్తూరు జిల్లా అదాలతులో నడిచిన వ్యాజ్యం, 1818లో వచ్చిన తీర్పును ఆ కులంలో నేటికీ తలుచుకుంటారు. పురాణం అంటే కాలక్షేపం అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. నువ్వెవరని అడిగినప్పుడు మనిషి చూపించే పత్రం అది.

ఈ కథల్ని కింది కులాల అమాయకత్వంగా తీసిపారేసే పండితులు ఉన్నారు. వాళ్లకు నా జవాబు ఒక్కటే. ఈ పని రాజులూ చేశారు. కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి శాసనం 1244 నాటిది. అందులో ఆ వంశాన్ని సూర్యవంశానికి, ఇక్ష్వాకుకు ముడిపెట్టారు. అదే వంశాన్ని చతుర్థ కులమని నిస్సంకోచంగా చెప్పిన శాసనాలూ ఉన్నాయి. ఒకే రాజవంశానికి రెండు పుట్టుకలు! ఇంకా విశేషమైనది 1368 నాటి సింగయ నాయకుడి అక్కలపూడి శాసనం. పురుషసూక్తం మీ అందరికీ తెలుసు. ఋగ్వేదం పదో మండలంలో, విరాట్ పురుషుడి ముఖం నుంచి బ్రాహ్మణుడు, బాహువుల నుంచి రాజన్యుడు, తొడల నుంచి వైశ్యుడు, పాదాల నుంచి శూద్రుడు అని ఉంటుంది. అక్కలపూడి శాసనం ఈ మాటను కాదనలేదు. ఒప్పుకుంది. ఒప్పుకుని, నాలుగో కులం పాదాల నుంచి పుట్టింది నిజమే, అయితే గంగ కూడా ఆ పాదాల నుంచే కదా పుట్టింది, ముల్లోకాలనూ పవిత్రం చేసే గంగకు తోబుట్టువైన ఈ కులం మిగిలిన మూడింటికన్నా పవిత్రం అని వేరే చెప్పాలా, అన్న భావంతో వాదించింది. ఎంత తెలివైన వాదమో చూడండి! కించపరచడానికి చెప్పిన పాదాన్నే పట్టుకుని, దాన్నే గౌరవంగా మార్చుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ వాదంలో ఒక లోపం ఉంది, అది నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. పాదం గొప్పదని చెప్పారు సరే, మరి పాదంలో కూడా చోటు లేనివాడి సంగతి ఏమిటి? ముఖం, బాహువులు, తొడలు, పాదాలు, ఈ నాలుగింటిలో ఎక్కడా పుట్టనివాడి మాట అక్కలపూడి శాసనం ఎత్తదు. నిచ్చెనలో తన మెట్టుకు మెరుగు పెట్టుకుంది. నిచ్చెనను ప్రశ్నించలేదు. మన కులపురాణాల్లో చాలావాటి తీరు ఇదే. ఒకప్పుడు మేము గొప్పవాళ్లం, ఒక తప్పు జరిగింది, ఒక శాపం తగిలింది, అందుకే ఇలా ఉన్నాం, మా చోటు మాకు ఇవ్వండి, అని అడుగుతాయి. ఇంకొకడి చోటు గురించి అడగవు.

శాపం అన్నాను కాబట్టి మన అందరి శాపం కూడా చెప్పాలి. ఆంధ్ర అనే పేరు సాహిత్యంలో మొదట కనిపించేది ఎక్కడో తెలుసు కదా? ఐతరేయ బ్రాహ్మణంలో, శునశ్శేపుడి కథలో. అజీగర్తుడనే పేద బ్రాహ్మణుడు నూరు ఆవులకు తన కొడుకు శునశ్శేపుణ్ణి యజ్ఞపశువుగా అమ్ముతాడు. ఆ పిల్లవాడు దేవతలను స్తుతించి బంధాలు విడిపించుకుంటాడు, విశ్వామిత్రుడు అతణ్ణి తన పెద్దకొడుకుగా స్వీకరిస్తాడు. విశ్వామిత్రుడి నూటొక్క కొడుకుల్లో పెద్దవాళ్లు ఏభైమంది అందుకు ఒప్పుకోరు. తండ్రి శపిస్తాడు, మీ సంతతి అంచుల పాలవుతుందని. ఆ శాపం తగిలినవాళ్లే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని ఆ గ్రంథం చెబుతుంది. మనుస్మృతి పదో అధ్యాయం ఇంకా ముందుకు వెళ్లింది. ఆంధ్రులను ఊరి బయట బతికే సంకర జాతిగా, అడవి జంతువులను చంపి బతికేవాళ్లుగా లెక్కగట్టింది.

ఆలోచించండి. దక్షిణాన తమకు తెలియని జనం ఉన్నారు. వాళ్లను లెక్కలోకి తీసుకోవాలి, కానీ తమతో సమానంగా తీసుకోకూడదు. ఏం చేయాలి? ఒక కథ చెప్పాలి. వీళ్లు కూడా మన ఋషి కొడుకులే, కానీ మాట వినలేదు, శాపం తగిలింది, అని చెప్పాలి. అప్పుడు వాళ్లు లోపలికీ వస్తారు, కిందా ఉంటారు. కులపురాణాల్లో శాపం చేసే పని అచ్చంగా ఇదే. చిత్రమేమిటంటే, పురాణాలు ఆంధ్రులని పేర్కొన్న శాతవాహనుల్లో గౌతమీపుత్ర శాతకర్ణిని అతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో ఏకబ్రాహ్మణుడని, చాతుర్వర్ణ సంకరాన్ని ఆపినవాడని పొగిడింది. ఏ లెక్క ఆంధ్రులను సంకరజాతి అన్నదో, ఆ లెక్కనే కాపాడినందుకు ఆ రాజుకు కీర్తి! ఊరి బయట ఉంచబడినవాడు అధికారం రాగానే ఊరి కంచెకు కాపలా కాయడం మన చరిత్రలో చాలాసార్లు జరిగింది. ఇది ఎవరినో నిందించడానికి చెప్పడం లేదు. ఈ పురాణాలు మన చేత ఏం చేయిస్తాయో తెలుసుకోవడానికి చెబుతున్నాను.

ఇప్పుడు మళ్లీ జాంబవ తాత కథకు, అంటే మాదిగల జాంబ పురాణానికి వస్తాను. అది మిగతావాటికంటే ఎందుకు వేరో చెప్పాలి. అందులోనూ శాపం ఉంది. చెప్పేవాళ్లను బట్టి వివరాలు మారతాయి గాని, కథ సుమారుగా ఇలా ఉంటుంది. దేవలోకంలో కామధేనువు ఉంది. దాని పాలు అంత రుచిగా ఉంటే మాంసం ఎంత రుచిగా ఉంటుందో అన్న ఆశ పుడుతుంది. ఆవు చనిపోతుంది. దాన్ని కోయడం ఎవరికీ చేతకాదు, జాంబవంతుణ్ణి పిలుస్తారు, ఆయన వచ్చి కోస్తాడు. వండే పని ఒక పిల్లవాడికి, చాలామంది చెప్పేది చెన్నయ్యకు, అప్పగిస్తారు. కుండ పొంగి ఒక ముక్క నేల మీద పడుతుంది. వృథా పోకూడదని ఆ పిల్లవాడు ముక్క తీసి, అంటిన మట్టిని నోటితో ఊది, మళ్లీ కుండలో వేస్తాడు. ఎంగిలి గాలి తగిలింది, వంట మైలపడింది అంటారు దేవతలు. తినము, నువ్వే తిను, నీ వాళ్లే తినాలి, అని శపిస్తారు.

కథను మళ్లీ ఒకసారి చూడండి. గోమాంసం కోసం పిలిపించింది ఎవరు? దేవతలు. వండించింది ఎవరు? దేవతలు. విస్తళ్లు వేసుకుని కూర్చున్నది ఎవరు? దేవతలు. శిక్ష ఎవరికి పడింది? వండిన పిల్లవాడికి. అతను చేసిన తప్పేమిటి? పడిపోయిన ముక్క మీది మట్టి ఊదడం. ఏ ఇంట్లోనైనా ఏ తల్లయినా చేసే పని అది. మిగతా కులపురాణాల్లో శాపం తగిలినవాడు నిజంగానే ఏదో తప్పు చేసి ఉంటాడు, కథ మనల్ని దానికి ఒప్పిస్తుంది. జాంబ పురాణం మనల్ని ఒప్పించదు. విన్నవాడు లేచి వెళ్లేటప్పుడు ఇది అన్యాయం అనే అనుకుంటాడు. నా దృష్టిలో మన భాషలో అంటరానితనం మీద పుట్టిన మొదటి వాదనల్లో ఇదొకటి. పుస్తకాల్లో కాదు, రచ్చబండ దగ్గర పుట్టింది.

దాన్ని ప్రదర్శించే తీరు కూడా వాదమే. చిందు అనే యక్షగానం ఆడే కళాకారులు జాంబ పురాణం ఆడేటప్పుడు, ఒకవైపు కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని జాంబవంతుడి వేషం, ఇంకోవైపు బ్రాహ్మణుడి వేషం. ఇద్దరి మధ్య సంవాదం నడుస్తుంది. నువ్వెవరు, నీ పుట్టుక ఏమిటి, నేల ముందా నీరు ముందా, నువ్వు పుట్టినప్పుడు ఉన్నదెవరు, అని ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ జాంబవంతుడు సృష్టి క్రమం చెబుతూ జవాబిస్తాడు, ఎదుటివాడికి ఎదురు ప్రశ్న వేస్తాడు. అక్షరం నిషేధించబడిన మనుషులు పండితుడితో తర్కం చేసి గెలిచే సన్నివేశాన్ని వందల ఊళ్లలో, పగటిపూట, నలుగురి ఎదుట తరతరాలుగా ఆడారు. ఇందూరు, అంటే నిజామాబాదు జిల్లాలో చిందు ఎల్లమ్మ లాంటి మహాకళాకారిణి జీవితమంతా ఈ యక్షగానానికే ఇచ్చింది, 2005లో కన్నుమూసింది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు ఇదే కళకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కానీ ఆ పద్మశ్రీ వచ్చిన రోజు పత్రికల్లో, ఆ యక్షగానం ఎవరి పురాణం చెబుతుంది, ఎవరి మీద ఆధారపడి బతికింది అని రాసినవి ఎన్ని?

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న చోటికి వచ్చాను. మాదిగల పురాణం మాదిగలు చెప్పరు. పద్మశాలీల పురాణం పద్మశాలీలు చెప్పరు. ఎవరి పురాణాన్నీ వాళ్లు చెప్పుకోరు. చెప్పడానికి వేరే కులం ఉంటుంది. వాటిని ఆశ్రిత కులాలు అంటారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, మంగలివారికి అద్దపువాళ్లు, మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు, ఇంకా ఆయా ప్రాంతాల్లో గోసంగులు, మాష్టివాళ్లు. వీళ్లకు ఊళ్లు పంచి ఉంటాయి, దాన్ని మిరాశీ అంటారు. ఒక కుటుంబం మిరాశీ ఊళ్లోకి ఇంకో కుటుంబం వెళ్లకూడదు. ఏడాదికో, రెండేళ్లకో వస్తారు, పురాణం చెబుతారు, త్యాగం తీసుకుని వెళ్తారు. త్యాగం అంటే కథ చెప్పినందుకు ఇంటింటి నుంచి వచ్చే హక్కు. బిచ్చం కాదు. ఈ తేడా వాళ్లకు ప్రాణం, మనకు మాత్రం తెలియదు.

మీలో సిద్దిపేట, జనగామ వైపు వాళ్లు చేర్యాల పటాలు చూసే ఉంటారు. ఇవాళ అవి డ్రాయింగు రూముల్లో గోడ మీద వేలాడుతున్నాయి. అసలు ఆ పటం ఎందుకు పుట్టింది? ఆశ్రిత కులాలవాళ్లు కథ చెప్పడానికి పుట్టింది. ఖద్దరు బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూత పూస్తారు, ఆరాక మళ్లీ పూస్తారు, ఎర్రటి నేపథ్యం మీద నకాశీ చిత్రకారుడు బొమ్మలు వేస్తాడు. మూరల కొద్దీ పొడవుండే ఆ పటాన్ని చుట్టి పెట్టుకుని ఊళ్లు తిరుగుతారు. రాత్రి గుంజలు పాతి, పటం వేలాడదీసి, దీపం పెట్టి, పూజ చేసి, ఒక్కొక్క వరుస విప్పుతూ పుల్లతో బొమ్మ చూపిస్తూ కథ చెబుతారు. రోజుకు ఇంత చొప్పున కొన్ని రాత్రులు సాగుతుంది. పటం చిరిగిపోతే పారేయరు, మనిషికి చేసినట్టు కర్మ చేసి నీళ్లలో కలుపుతారు. అంత పవిత్రమైన పటం అది.

మరి దాన్ని విప్పిన మనిషి? కులం పుట్టుక, గోత్రాలు, ఇంటిపేర్లు, ఎవరి తాత ఎవరో నోటికి చెప్పగలిగిన మనిషి, మీ వంశానికి దేవతలతో చుట్టరికం కలిపిన మనిషి, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడు? గుడారంలో. ఊరి బయట, చెట్టు కింద. మీ ఇంట్లోకి వస్తాడా? రాడు. మీరు పిల్లనిస్తారా? ఇవ్వరు. పక్కన కూర్చోబెట్టుకుని తింటారా? తినరు. డక్కలివాళ్ల సంగతి వింటే మనసు ఇంకా బరువెక్కుతుంది. అంటరానివాళ్లని ఊరు ఎవరిని వెలివేసిందో, ఆ మాదిగవాడకు కూడా డక్కలివాడు వెలిగానే ఉన్నాడు. జాంబవంతుడు బ్రాహ్మణుణ్ణి ఓడించిన కథను గడప బయట కూర్చుని చెప్పాడు. అన్యాయం గురించి మనకున్న గొప్ప కథను, ఆ కథ విన్నవాళ్ల చేత కూడా న్యాయం పొందనివాడు కాపాడుకుంటూ వచ్చాడు.

ఈ మాట చెప్పడానికి నేను చాలా ఆలోచించాను. మాదిగ మిత్రులు నొచ్చుకుంటారేమో అని ఆలోచించాను. కానీ ఇది మాదిగల మీద చెప్పే ఫిర్యాదు కాదు. పైనుంచి కిందిదాకా ప్రతి మెట్టు మీదా జరిగిన పని ఇది. ప్రతి కులం తన గొప్పతనం చెప్పించుకోవడానికి తన కింద ఇంకొక కులాన్ని పెట్టుకుంది. అంబేద్కర్ కులవ్యవస్థను మెట్ల మీద మెట్లుగా సాగే అసమానత అన్నారు. ఆ మాటకు మన తెలుగు నేల మీద ఇంతకన్నా స్పష్టమైన రూపం నాకు కనిపించలేదు. కులపురాణం అస్తిత్వాన్ని ఇస్తుంది, నిజం. కానీ ఆ అస్తిత్వానికి సాక్ష్యం చెప్పే మనిషిని కింద కూర్చోబెట్టి ఇస్తుంది.

పురాణాన్ని తిరగేసి చదివినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. మహారాష్ట్రలో జోతిరావు ఫూలే 1873లో వచ్చిన గులాంగిరీ అనే పుస్తకంలో వామనుడి కథను తలకిందులు చేసి, బలి చక్రవర్తిని రైతుల రాజుగా నిలబెట్టాడు. మన దగ్గర త్రిపురనేని రామస్వామి చౌదరి, తపస్సు చేసినందుకు రాముడు చంపిన శంబూకుడి తరఫున నాటకం రాశారు. జాషువా గబ్బిలంలో కథానాయకుణ్ణి అరుంధతీ సుతుడు అన్నారు. గుడిలోకి తాను పోలేడు, గబ్బిలం పోగలదు, అందుకని తన గోడు కాశీ విశ్వనాథుడి చెవిన వేయమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. వాడలో చెప్పుకునే అరుంధతి కథ అలా పద్యకావ్యంలోకి ఎక్కింది.

అయితే ఇంకో దారి కూడా ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. నాలుగు వర్ణాల బయట ఉంచినవాళ్లను అప్పట్లో పంచములు అనేవారు. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. అంతకు ముందు ఆయన జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో, భజనలతో జనాన్ని పోగుచేసినవాడు, పురాణం బలం బాగా తెలిసినవాడు. అలాంటి మనిషి ఆ సభలో లేచి, పంచమ అనే పేరు ఏ పురాణంలోనూ లేదు, మేము ఈ నేల మీద మొదటినుంచీ ఉన్నవాళ్లం అన్నారు. సభ పేరే ఆది ఆంధ్ర మహాజన సభగా మారిపోయింది. ప్రతినిధులు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. మెట్టు మార్చమని అడగలేదు ఆయన. శాపం కథ చెప్పలేదు. మేము ముందు అన్నాడు. వినండి, ఇది జాంబవంతుడి వాదమే. నేల పుట్టడానికి ముందు పుట్టినవాణ్ణి అన్న ముసలివాడి మాట, దేవతలను తీసేసి, చరిత్ర భాషలో, ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ వినిపించింది. భాగ్యరెడ్డి వర్మకు జాంబ పురాణమే ప్రేరణ అని నేను చెప్పబోవడం లేదు. రెండు వాదాల ఆకారం ఒకటే అంటున్నాను.

ఆ పేర్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయో చూడాలంటే మన రెండు రాష్ట్రాల షెడ్యూల్డు కులాల జాబితా తీసి చదవండి. తహసీల్దారు ఆఫీసులో కుల ధ్రువీకరణ పత్రానికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. అందులో మొదటే ఆది ఆంధ్ర ఉంటుంది. అది బెజవాడ సభ. తర్వాత అరుంధతీయ. అది పెళ్లిలో చూపించే నక్షత్రం. జాంబువులు ఉంది, చవితి కథలో గుహ. మాతంగి ఉంది, శక్తి పేరు. చిందోళ్లు, డక్కల్, గోసంగి, మాష్టి, అంటే మాదిగల కథ చెప్పినవాళ్లందరూ ఉన్నారు. ప్రభుత్వ కాగితం అనుకుంటాం గాని, మన పురాణాలూ, ఉద్యమాలూ, అవమానాలూ అక్షర క్రమంలో వరుసగా కూర్చున్న జాబితా అది.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులాల వర్గీకరణ రాష్ట్రాలు చేయవచ్చని తీర్పు ఇచ్చింది. జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ సిఫార్సుల మీద తెలంగాణ చట్టం చేసి, 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి తెచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేశారు. మొదటి గ్రూపులో 15 కులాలు, 1 శాతం రిజర్వేషన్. అత్యంత వెనుకబడినవాళ్లుగా గుర్తించి డక్కలివాళ్లను అందులో పెట్టారు. ఆ శాతాలు చాలతాయా, గ్రూపులు సరిగ్గా చేశారా అన్నది వేరే చర్చ, ఇవాళ అందులోకి వెళ్లను. వెళితే ఈ సభ రేపటిదాకా సాగుతుంది. నేను గమనించమనేది ఒక్కటే. జాంబవంతుడి కథ వినే కులం, ఆ కథ చెప్పే కులం ఒకే స్థితిలో లేవని ప్రభుత్వం ఒక చట్టంలో రాసి ఒప్పుకుంది. డక్కలి పెద్దలు ఈ మాట ఎప్పటినుంచో చెబుతున్నారు. 12 మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు కిన్నెర అందరికీ తెలిసింది. ఆ కిన్నెర పుట్టిన గుడారం గురించి ఇప్పటికైనా తెలుసుకోవాలి.

చివరగా, ఈ మధ్య చాలామంది యువకులు నన్ను ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఇవన్నీ కులాన్ని మోసే కథలే కదా, వదిలేస్తే పోదా అని. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, గౌరవిస్తాను కూడా. కానీ వదిలేస్తే పోయేది కులం కాదు, కథ. కులం ఏ కథా లేకుండానే పెళ్లి ప్రకటనల్లో, ఎన్నికల టిక్కెట్లలో, అద్దె ఇంటి గుమ్మం దగ్గర హాయిగా బతుకుతోంది. అమెరికా వెళ్లిన మనవాళ్ల సంఘాల్లోనూ బతుకుతోంది. పోయేది చెన్నయ్య మట్టి ఊదిన ముక్క, జాంబవంతుడి ఎదురు ప్రశ్న. వాటిని పోనివ్వడానికి నేను సిద్ధంగా లేను.

అందుకే ఇక్కడ తెలుగు శాఖల్లో పరిశోధన చేస్తున్న విద్యార్థులకు ఒక పని చెబుతాను. జాంబ పురాణం రికార్డు చేయడానికి వెళ్లినప్పుడు కథ మాత్రం తీసుకుని రాకండి. చెప్పిన మనిషి అనుమతితో ఆయన పేరు రాయండి, మిరాశీ ఊళ్లు ఎన్నో అడగండి, ఇప్పుడు అందులో ఎన్ని ఊళ్లు త్యాగం ఇస్తున్నాయో అడగండి, పిల్లలు ఏ బడికి పోతున్నారో అడగండి. ఆయన చెప్పిన పాఠాన్ని మీ ఇష్టానికి దిద్దకండి. పక్క ఊరాయన వేరేగా చెబితే అదీ రాయండి, ఏది సరైనదని తేల్చడం మీ పని కాదు. పుస్తకం అచ్చయితే ముఖపత్రం మీద మీ పేరు పక్కన ఆయన పేరు ఉండాలి, డబ్బు వస్తే ఆయనకు వాటా ఉండాలి. ఇక కథ చెప్పించుకునేటప్పుడు, ఆయన కింద చాప మీద, మీరు కుర్చీలో కాకుండా చూసుకోండి. భోజనం వేళయితే ఒకే వరుసలో కూర్చుని తినండి. అడిగితే మొదట ఆయనే వద్దంటాడు, అలవాటు అలాంటిది. మళ్లీ అడగండి.

నాకిచ్చిన సమయం దాటిపోయింది, నిర్వాహకులు ఓపిక పట్టారు, వాళ్లకు కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి. మొదట వెనక నిలబడిన పిల్లలకు మైకు ఇవ్వండి.